ఏరికోరి తెచ్చిన మిషన్

మా ఆయనకి మిషన్లంటే పిచ్చి అని వీధంతా అనుకునేవాళ్ళు. పిచ్చి కాదు, భయం. ఏ మిషన్ కొనాలన్నా మనిషికి రోజుల తరబడి నిద్ర పట్టదు. షాపుకి వెళ్తాడు, దాని చుట్టూ తిరుగుతాడు, నేల మీద బోర్లా పడుకుని బ్లేడు ఎంత ఎత్తులో ఉందో చూస్తాడు, హ్యాండిల్ పట్టుకుని ఉత్తినే అటూ ఇటూ తోస్తాడు, ఏమీ కొనకుండా ఇంటికొచ్చేస్తాడు. మర్నాడు మళ్ళీ వెళ్తాడు. షాపాయనకి తల ప్రాణం తోకకొచ్చేది. ఒకసారి నా ముందే అన్నాడు, "అమ్మా, ఈసారి మీ ఆయనకి దుప్పటీ దిండూ ఇచ్చి పంపండి, ఇక్కడే పడుకుంటాడు" అని.

గడ్డి కోసే మిషన్ కొన్నప్పుడైతే నాకు ఒళ్ళు మండిపోయింది. కత్తెరలా కోసేది కొనాలా, ఫ్యానులా బ్లేడు గిరగిరా తిరిగేది కొనాలా అని నా బుర్ర తినేశాడు. కత్తెర మిషనైతే కోత నున్నగా వస్తుందట, గడ్డి కొసలు చీలవట, కానీ నేల ఎగుడుదిగుడుగా ఉంటే మొరాయిస్తుందట. ఫ్యాను మిషనైతే ఎక్కడైనా నడుస్తుందట, కానీ అది గడ్డిని కోయదట, కొడుతుందట. అన్నం తింటూ ఇదే, స్నానానికి వెళ్తూ ఇదే.

"నన్ను చూసుకోవడానికొచ్చినప్పుడు టీ చల్లారేలోపు సరే అనేశావు. దీనికింత ఆలోచనేంటయ్యా" అన్నాను.

"నువ్వు సర్దుకుపోతావని నీ మొహం చూస్తేనే తెలిసింది. మిషన్ సర్దుకోదు" అన్నాడు. నవ్వను కూడా నవ్వలేదు. ఆయన వేళాకోళాలు అలాగే ఉండేవి.

చివరికి ఫ్యానుదే తెచ్చాడు. బ్లేడు విప్పి ఆకురాయితో తనే పదును పెట్టుకోవచ్చు, అదీ కారణం. తన చేత్తో బాగుచేసుకోలేని వస్తువు గుమ్మం దాటి లోపలికి రాకూడదని ఆయన పట్టు. ఆ మాటకొస్తే మా పాత వ్యాన్ కూడా ఆయన చేత్తో బాగుపడిందే. ఎక్కేటప్పుడు నా వైపు తలుపు తాడుతో కట్టుకోవాలి, అది వేరే సంగతి.

ఆయన పని నేర్చుకున్నది పెద్ద పార్కులో. మీసాలు రాకముందే చేరాడు. అక్కడ ముసలి మేస్త్రి ఒకాయన ఉండేవాడట. గడ్డి మీద చెప్పులతో నడిచినా ఊరుకునేవాడు కాదట. ఆ మేస్త్రి చెప్పిందే ఈయనకి వేదం. తర్వాత పార్కుని కాంట్రాక్టుకిచ్చేసి పాతవాళ్ళందర్నీ పొమ్మన్నారు. ఇంట్లో దిగులుగా కూర్చుంటాడేమో అనుకున్నాను. కూర్చోలేదు. "మనమే పెట్టుకుందాం" అన్నాడు. మనమే అంటే ఆయనా, నేనూ.

అలా మొదలైంది మా లాన్ల పని. ఊరి చివర పొడుగాటి వీధి ఒకటుంది. అటూ ఇటూ ఇళ్ళు, ప్రతి ఇంటి ముందూ కొంచెం పచ్చిక, నడుం ఎత్తు గోడ. మొదట డాక్టరమ్మ ఇల్లు దొరికింది. ఆవిడది చూసి పక్కింటి కళ్ళజోడాయన, ఆయనది చూసి ఎదురింటివాళ్ళు. కొన్నాళ్ళకి వీధంతా మాదే. ఆయన గడ్డి కోసేవాడు, అంచులు తీసేవాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని కలుపు తీసేదాన్ని. గడ్డి చచ్చిపోయి బోసిపోయిన చోట చిన్న గునపంతో మట్టి గుల్ల చేసేదాన్ని, ఆయన అక్కడ కొత్త పచ్చిక పెళ్ళలు పరిచేవాడు. పని అయ్యాక గేటు దగ్గర నిలబడి తల వంచి చూసేవాడు. ఎక్కడన్నా ఒక్క పోచ లేచి ఉంటే జేబులోంచి కత్తెర తీసి వెనక్కెళ్ళేవాడు. అందుకే ఆ వీధిలో ఆయన్ని గడ్డి మాస్టారు అనేవాళ్ళు. నేను మాస్టారి పెళ్ళాన్ని. చెప్పకేం, బాగుండేది.

నా మోకాళ్ళు పాడయ్యాయి. అవవా మరి, ఇనుమా అవి? మొదట మెట్లు దిగేటప్పుడు పట్టేసేవి, తర్వాత మంచం దిగేటప్పుడు కూడా. ఆయన బలవంతం మీద డాక్టరమ్మకే చూపించుకున్నాను. ఆవిడ ఫోటోలు తీయించి, లైటు ముందు పెట్టి చూసి, "ఇలాగే నేల మీద కూర్చుని పని చేస్తే కొన్నాళ్ళకి నడవలేవమ్మా" అంది. ఆయన నా పక్కనే కూర్చుని ఉన్నాడు.   ఇంటి ముందు వ్యాన్ ఆపి, "ఇంక నువ్వు కింద కూర్చోవు" అన్నాడు.

"ఎవరు కూర్చుంటారు మరి, మీ పార్కు మేస్త్రి వస్తాడా?"

"మిషన్ తెస్తాను" అన్నాడు.

మళ్ళీ మొదలు. మట్టి తిరగేసే మిషన్, టిల్లర్ అంటారు దాన్ని. ముందువైపు వంకర కత్తుల్లాంటి పళ్ళుంటాయి, అవి తిరుగుతూ నేలని గుల్ల చేసుకుంటూ పోతాయి. పెద్దవి ఉన్నాయి, చిన్నవి ఉన్నాయి. పెద్దదైతే దానంతటదే నడుస్తుంది గానీ ఇళ్ళ పక్క సందుల్లో పట్టదు. మరీ చిన్నదైతే గట్టినేల మీద కప్పలా ఎగురుతుంది. ఈయన షాపు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. సందు వెడల్పు తాడుతో కొలుచుకుని వెళ్ళి మిషన్‌కి ఆనించి చూశాడు. నేనూ ఆయనా కలిసి వ్యాన్‌లోకి ఎత్తగలమా లేదా అని నన్ను కూడా షాపుకి తీసుకెళ్ళి ఎత్తించాడు. పళ్ళు ఊడదీయడానికి వస్తాయా, అరిగితే విడిగా దొరుకుతాయా, తాడు లాగితే ఇంజన్ చలిలో కూడా ఒక్క లాగుకి అంటుకుంటుందా, అన్నీ చూశాడు. మట్టిలో ఏముంటుందో అదొక్కటే చూడలేదు. అది షాపులో కనపడేది కాదుగా. మా దగ్గర అదనంగా ఉన్న కోత మిషన్నీ, కంచెలు కత్తిరించే మిషన్నీ షాపాయనకి ఇచ్చేసి దాన్ని తెచ్చాడు.

ముందు మా పెరట్లోనే నడిపాడు. వెన్నలో కత్తి దిగినట్టు దిగింది. నేను పూటంతా తవ్వితే గుల్లయ్యే నేల, టీ పెట్టుకొచ్చేలోపు తిరగేశాడు. ఆపి, నా వైపు చూసి నవ్వాడు. పార్కులోంచి పొమ్మన్నాక ఆ మొహంలో అంత నవ్వు నేను చూడలేదు. నాకూ ప్రాణం లేచొచ్చింది, అబద్ధమెందుకు.

మొదటి పని డాక్టరమ్మ ఇంట్లో. ఆవిడ పెరటి వైపు ఒక మూల తుంగ ఉండేది. తుంగంటే చూడ్డానికి గడ్డిలాగే ఉంటుంది, కాడ వేళ్ళ మధ్య తిప్పితే మూడు పలకలుగా తగులుతుంది. పైన పీకితే పోదు. కింద దారం లాంటి వేరు, దాని చివర గడ్డ, ఆ గడ్డ నుంచి ఇంకో దారం, ఇంకో గడ్డ. నేను ఏడాదికోసారి ఆ మూలంతా కూర్చుని, దారం తెగకుండా ఒక్కో గడ్డా తీసి డబ్బాలో వేసి ఎండబెట్టి కాల్చేదాన్ని. ఆ తుంగ ఆ మూల దాటి బయటికి రాలేదు ఎప్పుడూ.

"ఆ మూల నేను తీస్తాను, మిషన్ పెట్టకు" అన్నాను.

"తుంగకి దున్నడమే మందు. మేస్త్రి పార్కులో దున్నించే చంపేవాడు. నువ్వు కూర్చో" అని డాక్టరమ్మ వరండాలోంచి కుర్చీ తెచ్చి వేశాడు. కూర్చున్నాను. ఆ మూల తిరగేశాడు, ఇంటి ముందు బోసి జాగాలు తిరగేశాడు, పచ్చిక పరిచాడు, నీళ్ళు పెట్టాడు. పళ్ళకంటుకున్న మట్టి పుల్లతో గీరి, పక్కింటికెళ్ళాం. కోత మిషన్ బ్లేడుని రోజూ కడిగి గుడ్డతో తుడిచే మనిషి, ఈ పళ్ళని మటుకు పుల్లతో గీరాడు. మట్టి మట్టిలోకేగా పోయేది అనుకున్నాడు. ఆ నెలంతా అదే పని. మిషన్ చప్పుడు విని గోడల మీంచి తొంగి చూసి "మాస్టారూ, మాకూ చేసి పెట్టండి" అని అందరూ అడిగేవాళ్ళే. ఆయన గాల్లో తేలిపోయాడు. నేను ఇంటింటికీ కుర్చీ మార్చుకుంటూ కూర్చున్నాను.

మేస్త్రి చెప్పింది అబద్ధం కాదు. ఆయన పార్కులో తుంగ నేలని మండుటెండల్లో దున్నించి, వానలొచ్చేదాకా చుక్క నీరు పెట్టకుండా వదిలేసేవాడట. గడ్డలు ఎండకి ఎండి చచ్చేవి. పార్కు కాబట్టి సాగింది. ఇంటి ముందు నేలని వేసవంతా బోసిగా ఎవరు వదిలేస్తారు? పొద్దున దున్నాం, మధ్యాహ్నం పరిచాం, సాయంత్రం తడిపాం. గడ్డల్ని ముక్కలు చేసి, మెత్తటి పరుపు వేసి, నీళ్ళు పోసి పెంచాం. మిగిలినవాటిని మిషన్ పళ్ళకి తగిలించుకుని వీధి పొడుగునా పంచిపెట్టాం. ఇదంతా ఆయనకి తర్వాత అర్థమైంది. 

వానలు పడ్డాక ఒక రోజు డాక్టరమ్మ లాన్ కోసి వచ్చాం. రెండు రోజులకి అటుగా వెళ్తుంటే ఆయన వ్యాన్ ఆపాడు. పచ్చికంతా మేం కోసినట్టే సమంగా ఉంది, దాని మీంచి వేలెడు పొడుగు లేత పోచలు పొడుచుకొచ్చి నిలబడ్డాయి. ఆయన గోడ మీంచి వంగి ఒకటి పీకి, వేళ్ళ మధ్య తిప్పాడు. నాకిచ్చాడు. మూడు పలకలు.  అక్కడి నుంచి నడుచుకుంటూ పక్కింటి గోడ దగ్గరికెళ్ళాడు, ఆ పక్కింటికెళ్ళాడు, వీధి చివరిదాకా వెళ్ళి, అటు వైపు ఇళ్ళన్నీ చూసుకుంటూ తిరిగొచ్చాడు. వ్యాన్ మెట్టు మీద కూర్చున్నాడు.

"ఎక్కడెక్కడ ఉంది?" అన్నాను.

"నేను దున్నిన ప్రతిచోటా ఉంది" అన్నాడు. "దున్నని చోట ఒక్క పోచ లేదు."

 

ఇంతా చేసి ఊరుకున్నాడా? ఇంటింటికీ వెళ్ళి గేటు దగ్గర నిలబడి, "ఇది నా మిషన్ వల్ల వచ్చిందండీ" అని చెప్పాడు. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను వద్దని. "నోరు మూసుకుని కూర్చుంటే ఎవరికి తెలుస్తుందయ్యా, వానకి కలుపొచ్చిందనుకుంటారు" అన్నాను. వినలేదు. పట్టిన పట్టు విడవడు, వెర్రి మాలోకం. డాక్టరమ్మ, "పోనీలెండి, తీసేయండి" అంది. ఆవిడకి తుంగంటే ఏంటో తెలిస్తేగా.

షాపాయన దగ్గర మందు తెచ్చి కొట్టాడు. పచ్చికంతా పసుపుపచ్చగా మాడిపోయింది, తుంగ రెండు వారాలు తల వంచుకుని మళ్ళీ లేచింది. కోస్తే ఒక్క రోజులో లేచేది. ఇంక చేత్తో తీయడం తప్ప దారి లేదన్నాడు. తనే కింద కూర్చున్నాడు. నన్ను వ్యాన్ దిగనివ్వలేదు. ఆయనకి ఆ పని రాదు. దారం పట్టి లాగేవాడు, తెంపేవాడు. తెగిన ప్రతి దారం కింద గడ్డ మిగిలిపోయేది. చూసి చూసి వ్యాన్ దిగి పక్కన కూర్చున్నాను.

"లే" అన్నాడు.

"నువ్వు లే. పైపైన పీకి ఇంకా పెంచుతున్నావు."

"డాక్టరమ్మ ఏం చెప్పింది నీకు?"

"నేను కూర్చుంది డాక్టరమ్మ లాన్‌లోనేగా, ఆవిడనే వచ్చి లేపమను" అన్నాను. ఇద్దరం ఆ రోజు గొంతులు పెంచి పోట్లాడుకున్నాం, వీధిలో అందరూ వినేలా. తర్వాత ఆయనే ఆగిపోయి, తల దించుకుని నా పక్కనే తవ్వాడు. సాయంత్రానికి తలుపంత జాగా శుభ్రం చేశాం. మర్నాడు వచ్చి చూస్తే అందులోనే ఇంకో మూడు మొలిచి ఉన్నాయి. వీధంతా ఎంతుందో చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, అక్కడే, డబ్బా ముందు పెట్టుకుని. ఆ వానాకాలమంతా అలాగే తవ్వాం, డబ్బు తీసుకోకుండా. రాత్రి నేను మోకాళ్ళకి వేడినీళ్ళ గుడ్డ వేసుకుంటుంటే ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

కళ్ళజోడాయనకి ముందు విసుగు పుట్టింది. మంచివాడే, గట్టిగా ఒక్క మాటనలేదు. "మాస్టారూ, ఇంక మీరు శ్రమపడకండి. ఇదంతా తీసేసి బండలు పరిపించేస్తున్నాం. కారు పెట్టుకోవడానికీ ఉంటుంది" అన్నాడు. బండలు పడ్డాయి. నీళ్ళు పెట్టక్కర్లేదు, కోయక్కర్లేదు, తుంగ గోల లేదు. గోడ మీంచి చూసి మా లాన్లు అడిగినవాళ్ళే గోడ మీంచి చూసి బండలూ అడిగారు. ఒక్కో ఇల్లూ పోయింది. పని పోతే పోయింది, ఇంకో వీధి చూసుకుందాం అన్నాను. ఆయన వెళ్ళి అడిగాడు. గడ్డి మాస్టారు తుంగ తెస్తాడని మాకంటే ముందే అక్కడికి కబురు చేరింది. చెప్పింది ఆయన నోరే కదా, ఇంటింటికీ తిరిగి.

ఒక పొద్దున బండలు పరిచే మేస్త్రి మా ఇంటికొచ్చాడు. గడ్డి గట్టిగా పట్టేసి తన మనుషులకి పార దిగడం లేదట. "మీ దగ్గర మిషన్ ఉందటగా. ముందు మీరొచ్చి తిరగేసి పెడితే మాకు తేలికవుతుంది" అన్నాడు. పుండు మీద కారం చల్లినట్టయింది నాకు. ఈయన లేచి వాణ్ణి బయటికి నెడతాడనుకున్నాను.

"ఎప్పుడు రావాలి?" అన్నాడు ఈయన.

వాడు వెళ్ళాక విరుచుకుపడ్డాను. "సిగ్గు లేదా నీకు? నువ్వు పరిచిన గడ్డిని నువ్వే పెకిలిస్తావా?"

"ఇంకెవడి మిషనో తెస్తారు. దాని పళ్ళకి ఈ మట్టి అంటుకుంటుంది. అక్కణ్ణుంచి ఏ వీధికి పోతుందో" అన్నాడు. "నాదైతే అక్కడే కడుగుతాను."

నేను వెళ్ళకుండా ఉండాల్సింది, కానీ ఆ మనిషిని ఒంటరిగా పంపడానికి మనసొప్పలేదు. డాక్టరమ్మ ఇల్లు చివరికి మిగిలింది. ఆ పచ్చిక ఆయన పెళ్ళ పెళ్ళా పరిచి, అతుకు కనపడకుండా అరచేత్తో ఒత్తినదే. ఒక్క లాగుకి ఇంజన్ అంటుకుంది. గేటు నుంచి మెట్లదాకా, మెట్ల నుంచి గేటుదాకా నడిపాడు, గడ్డి కోసినప్పుడు ఎంత తిన్నగా నడిచేవాడో అంత తిన్నగా. పచ్చిక పెళ్ళలు పెళ్ళలుగా తిరగబడి వేళ్ళు పైకొచ్చాయి. డాక్టరమ్మ వరండాలోకి వచ్చింది.

"అప్పుడే అయిపోయిందే. మంచి మిషన్ మాస్టారూ" అంది. మనసులో ఏమీ పెట్టుకుని అనలేదు ఆవిడ.

"అవునమ్మా, చాలా చూసి తెచ్చాను" అన్నాడు.  గొట్టం తెచ్చుకుని ఒక్కో పన్నూ ఊడదీసి, సందుల్లో వేలు పెట్టి మట్టి తీసి కడిగాడు. అంత శ్రద్ధగా కడగడం చూసి పళ్ళు కొరుక్కున్నాను. ఆ కడుగుడు మొదటి రోజు కడిగి ఉంటే ఒక్క మూలతో పోయేది.

ఇప్పుడు ఆ వీధిలో పచ్చిక లేదు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా బండలే. ఆయన ఆ బండల మేస్త్రి దగ్గరే ఇసుక కలిపే పనికి వెళ్తున్నాడు. గడ్డి గురించి మాట్లాడడు. మిషన్ల షాపు ముందు నుంచి వెళ్ళినా తల తిప్పడు. నేను తిడితే తిరిగి అనడు. పోట్లాడినా బాగుండును.

నా మోకాళ్ళు బాగుపడ్డాయి. నేల మీద కూర్చునే పని లేదు కదా, బాగుపడవూ? పొద్దున్నే బూట్లు వేసుకుంటూ అడుగుతాడు, "నొప్పెలా ఉందే" అని. మొదట్లో ఉన్నమాటే చెప్పాను, పూర్తిగా పోయిందని. సంతోషిస్తాడనుకున్నాను. ఆయన ఒక బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

"పోతుంది మరి," అన్నాడు, "నువ్వు కూర్చోవడానికి ఎక్కడా చోటు మిగల్చలేదుగా నేను."

అప్పట్నుంచి అడిగినప్పుడల్లా నొప్పిగానే ఉందంటున్నాను. ఆయన చూస్తున్నప్పుడు గోడ పట్టుకుని లేస్తున్నాను.